ప్రేమమ్మ చదివిన కాగితం

"ఒరేయ్ చైతూ, చదివావా? ఇవాళ కాయ కొయ్యొచ్చా, కొయ్యకూడదా?"

గట్టు మీద నుంచి నాన్న వెంకటనారాయణ కేకేశాడు. ఆయన వెనక ఇరవై మంది కోత కూలీలు, గోతాలు చంకన పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముందు మిరప చేను ఎర్రగా పండి ఉంది.

నిన్న సాయంత్రమే ఆ చేనుకి కొత్త పురుగుమందు కొట్టారు. డబ్బాతో వచ్చిన కాగితం చైతన్యకృష్ణ చేతిలో ఉంది. నిండా చీమల బారులా ఇంగ్లీషే.

ఏడో తరగతికొచ్చినా వాడికి ఇంగ్లీషంటే జ్వరం. మొన్న యూనిట్ టెస్టులో ఇరవై ఐదుకి తొమ్మిది. "ఆ భాష నావల్ల కాదు సార్" అని మాస్టారికే చెప్పేశాడు. పైగా ఇవాళ రెండో శనివారం. స్పిన్నింగ్ మిల్లు వెనక క్రికెట్ మ్యాచ్. రోడ్డు మీద స్నేహితుడు సిలార్ సైకిల్ బెల్లు కొడుతున్నాడు.

కాగితాన్ని పైనుంచి కిందికి ఒక్క చూపు చూశాడు.

"కొయ్యొచ్చంట నాన్నా!"

కూలీలు చేలోకి కదిలారు.

"ఆగండే!" అంది ముఠా పెద్ద ప్రేమమ్మ. "ఆ కాగితం ఇటివ్వు బాబూ."

"ఏందే, నువ్వూ దొరసానివయ్యావా?" కూలీల్లోంచి సుబ్బరావమ్మ నవ్వింది.

ప్రేమమ్మ నవ్వలేదు. గట్టు మీద చతికిలబడింది. వేలు అక్షరాల కింద పాకుతోంది. పెదాలు కదులుతున్నాయి.

వేలు ఆగింది.

"సెవెన్... డేస్. ముందు 'నాట్' అని ఉంది. అయ్యా, ఏడు రోజులు కొయ్యకూడదు!"

నాన్న కొడుకు వైపు తిరిగాడు.

"నేను చదవలేదు నాన్నా. ఊరికే చూశాను."

"ఇరవై మంది చేతుల్రా అవి!" అన్నాడు నాన్న. "మందు కొట్టని ఎకరం అటుంది, పదండమ్మా."

చైతన్య ప్రేమమ్మ వెనకే నడిచాడు. "ఇంగ్లీషు ఎప్పుడు నేర్చుకున్నావు?"

"పోయినేడు ఇట్టాగే ఓ చేలో దిగాం. మా ముఠాలో కోటేశ్వరికి రెండు రోజులు కళ్ళు తెరుచుకోలా. ఆ మర్నాడే మా అమ్మాయి జాస్మిన్ ఇంగ్లీషు వాచకం ముందేసుకుని కూర్చున్నా."

"కష్టంగా లేదా?"

"కష్టమో కాదో చూసుకోలేదు బాబూ. వీళ్ళని ఏ చేలో దింపాలో తెలియాలిగా!"

సిలార్ మళ్ళీ బెల్లు కొట్టాడు.

"నువ్వెళ్ళరా!" అని అరిచి, చైతన్య ఇంటికి పరిగెత్తాడు. డిక్షనరీ తెచ్చాడు. కూలీలు అన్నాలకి కూర్చునే వేళకి కాగితం మొత్తం పూర్తయింది. డిక్షనరీ తెరవాల్సి వచ్చింది నాలుగు మాటలకే!

"ప్రేమమ్మత్తా, విను" అంటూ ఒక్కో లైనూ చదివి అర్థం చెప్పాడు. ఆమె అన్నం కలుపుతూ, ప్రతి మాటా తిరిగి పలికింది.

తర్వాత ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, కర్రకి కట్టి గట్టు మీద పాతాడు. 'మందు కొట్టాం. శుక్రవారం దాకా ఎవరూ చేలో దిగొద్దు.'

పక్క చేలో ఖాజావలి కొత్త మందు డబ్బా మూత తిప్పబోతున్నాడు.

"మామా, ఆగు!" చైతన్య డిక్షనరీ పట్టుకుని గట్టు దూకాడు. "ముందు ఆ కాగితం ఇటివ్వు!"