ఏవండీ, కరెంటొచ్చిందండీ

“ఏవండీ! కరెంటు పోయిందండీ!”

పాపారావు గారి పచ్చని కాపురంలో నిప్పులు పోసిన మాట ఇదే.

భోజనాల వేళ మొగుడి సెల్‌ఫోన్ మోగితే వరమ్మ గారు ఎత్తారు. అవతల తేనెలొలికే ఆడగొంతు “ఏవండీ” అంది. ఆ తర్వాత కరెంటు సంగతి ఆవిడ చెవిన పడితేగా!

“ఎవత్తండీ ఇది?”

“మనిషి కాదే! రొయ్యల చెరువు దగ్గర మోటారుకి కొత్తగా పెట్టిన స్టార్టరు. కరెంటు పోయినా, వచ్చినా అదే ఫోన్ చేసి చెబుతుంది. మన కూలీలు రోబో అంటున్నారే, అది.”

“రోబోకి ఇంత వయ్యారమా? ఆ గొంతు ఎవరిదో నా కళ్ళకి చూపిస్తేగానీ ఈ ఇంట్లో పొయ్యి వెలగదు.”

అలా 2008 వానాకాలంలో, ఒక మబ్బు మధ్యాహ్నం, స్టార్టరు తయారుచేసిన ఏసుకుమారూ దానికి గొంతిచ్చిన జ్యోత్స్నా ఏలూరులో బస్సెక్కి, కొల్లేటికోట దగ్గర పాపారావు గారి చెరువుగట్టు మీదికి వచ్చారు.

కుమార్‌ది పవర్‌పేటలో చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు. జ్యోత్స్న కాన్వెంటులో యూకేజీ టీచరు. ఆదివారం చర్చిలో ఆమె బైబిల్ వాక్యం చదువుతుంటే విని, “మా మెషీన్‌కి నాలుగు మాటలు చెప్పిపెట్టరా అండీ?” అని అడిగాడతను.

“ఏవండీ అనే అనాలా?” అందామె అనుమానంగా.

“రైతులు పెద్దవాళ్ళు కదండీ. మర్యాదగా ఉండాలి.”

కరెంటొచ్చాక తనంతట తనే మోటారు వేసే ముందు మెషీన్ పది లెక్కపెట్టాలి. “ఒకటండీ, రెండండీ” అంటూ వెళ్ళి, అయిదు దగ్గర జ్యోత్స్నకి నవ్వు ఆగలేదు. రికార్డింగులోంచి ఆ నవ్వు తీసెయ్యమంటే కుమార్ తియ్యలేదు. ప్రేమ మొదలైంది అక్కడే. ఇద్దరూ పైకి అనలేదు గానీ, చర్చిలో అందరికీ తెలుసు.

తర్వాత జ్యోత్స్న గొంతు పోయింది. నలభైమంది పిల్లల మీద అరిచీ అరిచీ లోపల కాయలు కాశాయన్నారు డాక్టరు. నెల్లాళ్ళు మౌనం. ఏది చెప్పాలన్నా నోటుబుక్కే. నెల గడిచాక అద్దం ముందు నిలబడి తన పేరు తనే చెప్పుకుంది. నూనె లేని బావి గిలకలా వచ్చింది గొంతు. “ఇంతకంటే బాగుపడకపోవచ్చు. అరిచారంటే ఇది కూడా ఉండదు” అన్నారు డాక్టరు.

ఆ గొంతు కుమార్‌కి వినిపించలేదు. భయం.

ఆ భయానికి కారణం ఉంది. ఒకరోజు షాపులో అతని ఫోన్ మోగింది. స్క్రీన్ మీద జ్యోత్స్న పేరే! తను చెయ్యని ఫోన్ ఎలా వచ్చిందా అని తొంగిచూసింది. ఫోన్ చేసింది స్టార్టరు. కొత్తది గనక ముందు అతనికే ఫోన్ చేస్తుంది. దాని నంబరుకి జ్యోత్స్న అని పేరు పెట్టుకున్నాడు! చివరిదాకా విని, తనలో తనే నవ్వుకున్నాడు.

మరో ఆడదైతే జుట్టూజుట్టూ పట్టుకోవచ్చు. తన గొంతుతో తనెలా పోట్లాడుతుంది? పెళ్ళయ్యాక ఈ గిలక మోత భరించలేక, అతను పక్కగదిలోకి వెళ్ళి ఆ ఫోన్ చెవికి ఆనించుకుంటే?

“నువ్వేనా తల్లీ? ఏదీ, ఓసారి అను” అన్నారు వరమ్మ గారు గట్టు మీద.

జ్యోత్స్న గొంతు చూపించి తల అడ్డంగా ఊపింది. ఆవిడ మొహం ముడుచుకుని, గట్టు చివర షెడ్డులో కూర్చున్న మొగుడి దగ్గరికి వెళ్ళిపోయారు.

“నెల దాటింది కదండీ. నాతోనైనా ఒక్క మాట అనరా?” అన్నాడు కుమార్ మెల్లగా.

ఆమె నోటుబుక్కులో రాసింది: ‘మీక్కావలసింది నా గొంతా, నేనా?’

అతను చదివాడు. ఏదో అనబోయేలోగా షెడ్డులోంచి పాపారావు గారి కేక.

“కుమారూ! ఏరేటర్ చక్రానికి గుర్రపుడెక్క చుట్టుకుందయ్యా! అసలే మబ్బు పట్టింది. కరెంటొచ్చాక చక్రం తిరక్కపోతే గాలాడక రొయ్యలన్నీ పోతాయి!”

“వచ్చి చెబుతానండీ” అని చొక్కా, ఫోన్ ఆమె చేతికిచ్చి కుమార్ నీళ్ళలోకి దిగాడు. కరెంటు నాలుక్కిగానీ రాదు, రెండు నిమిషాల పనేగా అని మెయిన్ స్విచ్ దించలేదు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషి!

ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, చక్రం రెక్కల మధ్యకి రెండు చేతులూ పోనిచ్చాడు. జ్యోత్స్న చేతిలో ఫోన్ మోగింది.

స్క్రీన్ మీద తన పేరు.

“ఏవండీ! కరెంటొచ్చిందండీ! పది లెక్కపెట్టి మోటారు వేస్తానండీ. ఒకటండీ…”

ఫోన్ కట్ చేసినా ఆ లెక్క ఆగదు. మెయిన్ షెడ్డు దగ్గరుంది. పరుగెత్తినా అందదు.

“మూడండీ…”

కుమార్ గారూ అనబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

“అయిదండీ…” తన గొంతే, గలగలా నవ్వింది.

“ఏడండీ…”

“ఏవండీ!”

జ్యోత్స్న గొంతులోంచి ఏదో చిరిగినట్టు వచ్చింది ఆ అరుపు. షెడ్డులో పాపారావు గారు కూడా ఉలిక్కిపడి లేచారు. కుమార్ తల తిప్పాడు.

“బయటికి! బయటికి రండీ!”

అతను చేతులు లాక్కుని వెనక్కి దూకాడు. చక్రం గిర్రున తిరిగింది. గుర్రపుడెక్క ముక్కలుముక్కలై గట్టు మీద పడింది.

“మోటారు వేశానండీ. ఉంటానండీ” అంది ఫోన్, అదే తీయని గొంతుతో.

జ్యోత్స్న బురదలో కూలబడింది. కుమార్ తడిబట్టలతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

“విన్నారుగా… ఇదీ నా గొంతు. రేపటికి ఇది కూడా ఉండదేమో” అంది బొంగురుగా.

“ఆ ఫోన్ వందసార్లు విని ఉంటానండీ. మీరు మాట్లాడని నెల్లాళ్ళూ అదే దిక్కు. అయిదు దగ్గర మీ నవ్వు కోసం.” అతను ఆమె చేతిలోని ఫోన్ వైపు చూశాడు. “ఇవాళ నా చేతులు చక్రంలో ఉన్నా అది అయిదు దగ్గర అలాగే నవ్విందా?”

ఆమె తలూపింది.

“దాని బదులు రేపే బజర్ పెట్టేస్తాను. నాక్కావలసింది మీరేనండీ.”

వరమ్మ గారు ఆయాసపడుతూ వచ్చారు. “పెళ్ళాం పిలుపంటే అదీ! ఆ ఫోన్‌లోది కాదు. అబ్బాయ్, మీ అమ్మగార్ని తీసుకుని ఈ ఆదివారమే ఈ అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళు. ఏవండీ, రండి, భోంచేద్దురుగాని!”

చినుకులు మొదలయ్యాయి. చక్రం టక్కున ఆగింది. జ్యోత్స్న చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. స్క్రీన్ మీద ఆమె పేరు చూసి ఇద్దరూ అదిరిపడ్డారు.

కుమార్ ఫోన్ ఎత్తలేదు. ముందు షెడ్డుకి పరుగెత్తి మెయిన్ దించి వచ్చాడు. వచ్చి, ఇంకా మోగుతున్న ఫోన్ కట్ చేసి, ఆమె వైపు తిరిగాడు.

“చెప్పండి.”

మిగిలిన ఆ కాస్త గొంతూ కూడదీసుకుని, జ్యోత్స్న అతని చెవి దగ్గర అంది:

“ఏవండీ… కరెంటు పోయిందండీ.”