పడవకు బదులు సముద్రం

"ఈ పడవ కొనకండి!"

పడవ తనిఖీకి వచ్చిన వడ్రంగి హబీబ్ సుత్తి కింద పెడుతూ మబ్రూకాతో అన్నాడు.

"ఇంజను బాగానే ఉందమ్మా... అది బిగించిన వెనక చెక్కే లోపల కుళ్లిపోయింది. పైన కొత్త రంగు పూశారు. గాలి లేచిందంటే ఇంజను చెక్కతో సహా ఊడి వస్తుంది!"

అమ్ముతున్నది పరాయివాడా? సొంత అన్న మున్జీ! పడవకు బదులుగా అతడు అడిగింది, తండ్రి ఆమె వాటాకు ఇచ్చిన సముద్రం. కెర్కెన్నా దీవుల్లో పొలాలకున్నట్టే తీరపు నీళ్లకూ హద్దులుంటాయి. ఖర్జూర మట్టలతో దడి కట్టి, ఎవరి నీళ్లలో వాళ్లు చేపలు పట్టుకుంటారు. మబ్రూకా భర్త షెద్లీ మాత్రం అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ పట్టణం నుంచి వచ్చినవాడు, తనకంటూ నీళ్లు లేనివాడు. "పెళ్లాం నీళ్లలో బతికే అల్లుడు!" అన్న ఎగతాళి ఇన్నేళ్లూ దిగమింగుతూనే ఉన్నాడు.

"అయినా కొందాం మబ్రూకా!" షెద్లీ పడవ అంచు వదల్లేదు. "నాకంటూ ఒక్క పడవ... లేదంటే దొంగచాటుగా ఇటలీ పోయే పడవెక్కేస్తాను. బతికితే బతుకుతాను!"

"అయ్యో, ఏం మాటలండీ అవి!" ఆమెకు దుఃఖం ఆగలేదు. కొంటే ఒక చావు... కొనకపోతే ఇంకో చావు! దేనికని తల ఊపాలి తను?

"లోతుకు పోకపోతే ఏం కాదులే బావా..." మున్జీ నేల చూపులు చూస్తూ గొణిగాడు.

మబ్రూకా చివ్వున తిరిగింది. "నాన్న ఎప్పుడు పడవ అమ్మినా, కొన్నవాడితో మొదటి వేటకు తనే వెళ్లేవాడు. రేపు నువ్వూ ఎక్కుతావుగా అన్నయ్యా?"

మున్జీ పడవ దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"అంటే... నీకు ముందే తెలుసా!"

"తెలుసు చెల్లీ!" అతడు ఇసుకలో కూలబడ్డాడు. "ఇటలీకి మనుషుల్ని దాటించేవాళ్లు ఈ పడవ అడిగారు. అంతమంది బిడ్డల్ని ఇందులో ఎక్కించడానికి మనసొప్పక పొమ్మన్నాను..."

"పరాయి బిడ్డల మీద జాలి కలిగింది... నా మనిషి మీద కలగలేదా అన్నయ్యా!"

షెద్లీ కొయ్యబారిపోయాడు. తను ఎక్కుతానన్నది ఇలాంటి పడవే కదా! మెల్లగా వెళ్లి వెనక చెక్క మీద వేలు నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది.

"వాళ్లు మళ్లీ వస్తారు. ఈ పడవ ఉండకూడదు." మున్జీ కళ్లు తుడుచుకుని గొడ్డలి తెచ్చాడు. కానీ ఉన్న ఒక్క ఆధారం మీద దెబ్బ వేయడానికి చేతులాడలేదు. షెద్లీ దగ్గరికి వచ్చి గొడ్డలి అందుకుని మున్జీతో అన్నాడు:

"నువ్వు చూడకు, అటు తిరుగు బావా... రేపు పొద్దున్నే వచ్చెయ్. మబ్రూకా నీళ్లలో మనిద్దరం కలిసి దడి కట్టాలి. నాకు సరిగ్గా రాదు, నువ్వే నేర్పాలి!"