లాకులో బిళ్ల

కిరణ్ కుమార్ పది నెలల తర్వాత మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. పట్టుకోక ఏం చేస్తాడు? చెల్లెలు తబితకి కాకినాడలో ఎంట్రన్సు పరీక్ష, తీసుకెళ్లాల్సిన నాన్నకేమో జ్వరం. సామర్లకోట దాటేసరికి తెల్లవారి ఆరున్నర. కాలువగట్టు రోడ్డంతా మంచు కమ్మేసింది. గట్టు కింద ఎవరో గడ్డి కాలుస్తున్నట్టున్నారు, పొగ వాసన లోపలికి వస్తోంది.

"ముందు సీట్లో నేను కూర్చోనన్నయ్యా" అని ఎక్కేముందే చెప్పేసింది తబిత. వెనక పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనకవాళ్లకి బెల్టెందుకని అందరిలాగే అనుకుంది.

ఆ ముందు సీట్లోంచే పోయాడు కిరణ్ స్నేహితుడు దుర్గాసాయి, పది నెలల కిందట. పెళ్లి భోజనం చేసి ఇదే కార్లో, ఇదే రోడ్డు మీద వస్తుంటే గేదె అడ్డొచ్చింది. కారెళ్లి తూముగోడకి కొట్టుకుంది. బెల్టున్న కిరణ్‌కి గీతైనా పడలేదు. వాడు మాత్రం అద్దం పగిలి కాలువలో పడ్డాడు.

"పెట్టుకోమని ఎంత చెప్పినా వినలేదాంటీ" అన్నాడు కిరణ్ ఆ మర్నాడు, దుర్గాసాయి వాళ్లమ్మ నాగదుర్గగారితో. నోరెలా వచ్చిందో! చచ్చినవాడి మీద నెపం వేస్తే లేచొచ్చి కాదంటాడా? అప్పట్నుంచి కిరణ్‌కి ఏడుపు రాలేదు, ఆకలీ తెలియలేదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది.

టింగ్... టింగ్... టింగ్...

"ఏంటన్నయ్యా ఆ మోత?"

ముందు సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత అది. సీటు చూస్తే ఖాళీ.

కిరణ్ కారు పక్కకి తీసి ఆపాడు. ఆ సీటు బెల్టు లాగి లాకులో పెట్టబోయాడు. దిగలేదు. లోపల ఏదో ఉంది. గోటితో పీకాడు.

చిన్న ఇనప బిళ్ల. బెల్టు పెట్టుకోకుండానే మోత ఆపడానికి లాకులో దూర్చేది. పాటలకి అడ్డమని తనే కొన్నాడు. ఆ రాత్రి జనం రాకముందే పీకి కాలువలోకి విసిరేశాడు.

ఇప్పుడది తడిగా ఉంది... నాచు పట్టి ఉంది.

బిళ్ల లాకులో ఉండగా అసలు రాకూడని మోత, ఇంకా ఆగడం లేదు.

కిరణ్ రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"వాడు బెల్టు పెట్టుకుంటానన్నాడు తబితా. నేనే పెట్టుకోనివ్వలేదు. ఏరా, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా అన్నాను. మొహమాటపడి వదిలేశాడు."

మోత ఆగిపోయింది.

"పరీక్షవగానే నాగదుర్గ ఆంటీ దగ్గరికి వెళ్లి చెప్పేస్తాను."

అంతలో వెనక సీట్లో 'టక్' మని బెల్టు పడిన చప్పుడు.

"పెట్టుకున్నావా? మంచి పని చేశావు" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"నేనెక్కడ పెట్టుకున్నాను? నువ్వే కదా పెట్టావు..." అంది తబిత. "నీ చెయ్యేంటన్నయ్యా, ఇంత తడిగా ఉంది?"

కిరణ్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.