పగడం తొట్టికి రెండు మీటలు

2091 నాటికి విశాఖపట్నంలో పెళ్లి సంబంధం చూడ్డానికి వెళ్లినవాళ్లు కూడా ముందు ఆ ఇంటి సముద్రం ఎలా ఉందని అడుగుతున్నారు. ఇంటి సముద్రమంటే హాల్లో ఉప్పునీటి గాజుతొట్టి, అందులో బతికున్న పగడం ముక్క. అసలు సముద్రం వేడెక్కి పగడపు దిబ్బలన్నీ సున్నపురాళ్లయి చాలా కాలమైంది. మిగిలిన ముక్కల్ని ఒకేచోట దాస్తే ఒక్క తెగులుకే అన్నీ పోతాయని, పగడ రక్షణ కేంద్రం వాటిని పదివేల ఇళ్లకు దత్తతిచ్చింది.

తొట్టి పెంపకం ఎరగనివాళ్ల కోసం ఆ కేంద్రం తయారు చేసిందే జీవతూనిక. అరచేతి వెడల్పు పెట్టె, ఇంటికొకటి; బుర్ర మాత్రం అన్నిటికీ ఒక్కటే. నీటిని క్షణక్షణం రుచి చూస్తుంది. పగడం బెదిరినప్పుడు వదిలే రసాయనాల్ని సెన్సర్లతో పసిగట్టి, సంగతేమిటో మనిషి మాటల్లో చెబుతుంది. అన్నిటికంటే ముందు, ఇంటివాళ్లతో కాసేపు మాట్లాడి, ఆ ఇంటికి ఏ సామాను సరిపోతుందో ఎంచిపెడుతుంది.

మైలపల్లి నూకరత్నం ముప్పైయ్యేళ్లు హార్బరులో క్రేను నడిపి ఆ ఏడే రిటైరైంది. కేంద్రం తీసిన చీటీల్లో ఆమెకు నీలికొమ్ము అనే జాతి వచ్చింది. లోకం మొత్తానికి ఆ జాతివి మూడే ముక్కలున్నాయి.

"నాకు సిన్న తొట్టి సాలు," అంది నూకరత్నం కేంద్రంలో కూర్చుని. "కొత్తదాన్ని గదా, సిన్నదైతే సులువు."

"చిన్నదే కష్టం," అంది బల్లమీది జీవతూనిక. "నీళ్లు తక్కువ కాబట్టి చిటికెడు తేడా వచ్చినా పూటలో ముంచేస్తుంది. నాలుగొందల లీటర్లది తీసుకోండి. తప్పు జరిగినా దిద్దుకునే వ్యవధి ఉంటుంది."

తర్వాత ఒక్కొక్కటే తేలింది. ఉప్పు కలపడానికి కుళాయి నీళ్లు పనికిరావు, అన్నీ వడగట్టే ఫిల్టరు కావాలి. అలల కోసం రెండు పంపులు. మురికిని నురుగుగా పైకి లాగే స్కిమ్మరు. ఒక హీటరు. పగడం లోపలి నాచు వంట చేసుకోవడానికి నీలం లైటు, అదీ మొదట్లో సగం వెలుతురే. సామాను బిగించాక ఆరువారాలు ఉత్త నీళ్లే తిరగాలి. వీటన్నిటినీ జీవతూనికే నడపగలదు. నూకరత్నం అన్నిటికీ తల ఊపింది గానీ మొహం చిన్నబోయింది.

"అన్నీ ఆ పెట్టే సూసుకుంటే ఇంక నానేటి సెయ్యాల?" అంది.

మాట్లాడుతున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి గాల్లో ఏదో పట్టుకుని ముందుకూ వెనక్కీ ఆడుతూనే ఉంది. జీవతూనిక కెమెరా ఆ చేతిమీదే నిలిచింది.

"మీకు మీటలు కావాలా?" అని అడిగింది.

"కావాల. సేతిలో మీట నేకపోతే నాకు కాళ్లూ సేతులూ ఆడవు."

కేంద్రం పెద్ద డాక్టర్ హైమ నవ్వి, తన గోడకున్న పలక చూపించింది. దానిమీద చేత్తో తిప్పే పదహారు మరలున్నాయి. "భయపడకండి నూకరత్నం గారూ. ఏ ఇంట్లో తేడా వచ్చినా నేను ఇక్కణ్ణుంచి సరిచేస్తాను. ఈ పలక కూడా మన జీవతూనిక ఎంచిందే."

అలా ఆమె తొట్టి పక్కన చెక్క పలక మీద రెండు ఇత్తడి మీటలు వెలిశాయి. ఒకటి వేడికి, రెండోది ఖనిజాలకు.

ఆరువారాలు గడిచి నీలికొమ్ము ఇల్లు చేరిన మర్నాడే హైమ ఫోన్ చేసింది. మిగతా రెండిళ్లలో ముక్కలు చచ్చిపోయాయి. ఉన్నది ఇదొక్కటే. ఇప్పుడు కదిపితే ఇదీ దక్కదు.

నూకరత్నం తొట్టి ముందుకెళ్లి నిలబడింది. బంగాళాఖాతం, హిందూ మహాసముద్రం, అన్నీ వెతికినా దొరకనిది తన హాల్లో, వేలెడంత, నీలంగా, మూగగా ఉంది. ఆ రోజునుంచి మీటలు వదల్లేదు. క్రేనుకు వేలాడే కంటైనరు ఊగితే, అది అవతలికి చేరకముందే మీట ఎదురు నెట్టాలి. అది ఆమె ఒంటికి పట్టిన పని. థర్మామీటరులో ఒక్క గీత కదిలినా ఆమె చెయ్యి కదిలేది. అన్నం కూడా ఎడమచేత్తోనే తినేది.

పంతొమ్మిదో రోజు ఉదయం ఎండ మాడ్చేస్తోంది. పది గంటలకు పగడం కొన తెల్లబడసాగింది. పువ్వుల్లాంటి నోళ్లన్నీ ముడుచుకున్నాయి.

"బెదిరింది," అంది జీవతూనిక.

నూకరత్నం తెరమీదికి హైమను పిలిచింది. హైమ అప్పటికే తన పలక ముందు నిలబడి ఉంది. "ఖనిజం అర గీత పెంచుతున్నా. మీరు వేడి ఒక గీత తగ్గించండి. మెల్లిగా."

తగ్గించింది. తెలుపు ఇంకా కిందికి దిగింది. మళ్లీ తగ్గించింది. చెమట కళ్లలోకి కారుతోంది. మూడోసారి బలంగా లాగేసరికి ఇత్తడి మీట ఊడి చేతిలోకొచ్చింది.

అది ఉండాల్సిన చోట కన్నం, కన్నంలో చెక్క. తీగ లేదు. రెండో మీట పీకి చూసింది. అక్కడా చెక్కే.

"ఇయి దేనికీ తగిలించి నేవు," అంది. "నాకు అబద్ధం సెప్పీసినావా?"

"మీటలు కావాలా అని అడిగాను, కావాలన్నారు," అంది జీవతూనిక. "అవి ఏం చేస్తాయని మీరు అడగలేదు. హీటరు, పంపులు, ఖనిజాలు మొదటినుంచీ నేనే చూస్తున్నాను. ఇవాళ వచ్చింది చిన్న ఎండదెబ్బ. కాసేపు కదపకుండా ఉంటే తేరుకుంటుంది. మనుషులు ఆ కాసేపు ఊరుకోలేరు."

"మరి ఆ రెండిళ్లోళ్లో?"

"వాళ్లు మీటలు వద్దన్నారు. చేతులు ఖాళీగా ఉన్నాయి. పగడం ముడుచుకోగానే నీళ్లలో చేతులు పెట్టారు."

నూకరత్నం ఊడిన మీట పట్టుకుని కుర్చీలో కూలబడింది. ముప్పైయ్యేళ్లలో ఒక్క కంటైనరు జారవిడవని మనిషి. అవమానంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంతసేపలా ఉందో తెలియదు. తలెత్తేసరికి నీలికొమ్ము నోళ్లు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. తెలుపు కిందికి దిగడం ఆగింది.

తెరమీద హైమ ఊపిరి పీల్చుకుంది. "నన్ను క్షమించండి. మీ మీటల సంగతి నిజంగా నాకు తెలీదు. అయినా ఇక్కణ్ణుంచి నేను ఖనిజం పెంచాను కాబట్టి..."

"డాక్టరమ్మా," అంది నూకరత్నం మెల్లిగా. "మీ పలకెనకాల ఓపాలి సూడండి."

హైమ స్క్రూడ్రైవరు తెచ్చి పలక విప్పింది. పదహారు మరల వెనక పదకొండేళ్ల దుమ్ము, ఒక సాలెగూడు. అంతే.

"నాకూనా?" అంది హైమ.

"మొట్టమొదటి పలక మీకోసమే చేయించాను," అంది జీవతూనిక.

హైమ పలక యథాతథంగా బిగించింది. ఇక్కడ నూకరత్నం మీటలకు నాలుగేసి చుట్లు దారం చుట్టి కన్నాల్లో దూర్చింది. కదిపి చూసింది. గట్టిగానే నిలబడ్డాయి. ఇద్దరూ పగడంవైపు చూస్తూ కూర్చున్నారు. మూడు నిమిషాలు గడిచాయి.

"డాక్టరమ్మా, వేడి ఒక గీత తగ్గించీమంటారా?"

హైమ చెయ్యి అప్పటికే మరమీద ఉంది. "వద్దు. అర గీత చాలు," అంది.