పేరు దాచిన హోటలు

కూర్చోమన్నా ఝాన్సీ కూర్చోలేదు. చేతిలో ఉన్న పొడవాటి పెట్టెను బల్ల మీద పెట్టి, మూత తెరిచి, దాని వంక చూడలేనట్టు కిటికీ వైపు తిరిగింది. లోపల ఎర్ర ముఖమల్ గుడ్డలో వయొలిన్ ఆకారంలో గుంట ఒకటే మిగిలింది. మూతకు బిగించిన కమాను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"హోటల్లో కింద టిఫిను చేసి గదికి వచ్చేసరికి ఇలా ఉందండి," అంది. "సాయంత్రం రాజోలులో కచేరీ. మా గురువుగారు రాఘవులుగారు పోయాక ఆయన పేరున జరిగే మొదటి సభ. ఆ వయొలిన్ ఆయనదేనండి. పోయేముందు పిలిచి నా చేతుల్లో పెట్టేరు."

కనకరాజు కళ్ళద్దాలు తీసి పెట్టె మీదికి వంగాడు. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలకు తగలబడిన కొట్లూ మునిగిన పడవలూ పరిశీలించి పెట్టేవాడు. ఇప్పుడు అమలాపురంలో మందుల షాపు మేడ మీద సొంతంగా ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు. మనుషులు చెప్పేది వినేటప్పుడు ఆయన వాళ్ళ మొహం కేసి చూడడు. ఎక్కడో గోడ కేసి చూస్తాడు. అయినా ఒక్క మాటా జారిపోదు. ఆ విద్య ఎప్పటికైనా పట్టుబడుతుందని సాయిదుర్గ ఆశ. ఆయన దగ్గర సహాయకురాలిగా చేరిన నాటి నుంచీ ఆమె కూడా గోడలు చూడడం అలవాటు చేసుకుంది గానీ, ఆమెకు గోడలే కనపడేవి.

"పోలీసులకు చెప్పలేదా అమ్మా?"

"మేనేజరు రమణబాబుగారు హోటలు పరువు పోతుందని బతిమాలేరండి. పైగా కేసంటే ఆ వయొలిన్ దొరికినా నా చేతికి ఎప్పుడొస్తుందో తెలీదు. ఆయనే అందరినీ అడిగి గదులు, సామాన్లు, కార్లు వెతికించేరు. దొరకలేదు."

"ఎవరి మీదైనా అనుమానమా?"

ఆమె గొంతు తగ్గించి, "మేము టిఫిను చేస్తుండగా మృదంగం తెచ్చుకుంటానని మధ్యలో పైకి వెళ్ళింది గణపతి ఒక్కడేనండి. పదేళ్ళుగా నాకు మృదంగం వాయిస్తున్నాడు. తమ్ముడిలాంటి వాడు. ఈ మాట అన్నందుకు నా నోరు కాలిపోవాలి," అంది.

కనకరాజు పెట్టె మూత వేసి లేచాడు.

రాజోలు దగ్గర వశిష్ఠ గోదావరి గట్టును ఆనుకొని ఉంది ఆ హోటలు. మేడ మీద గదులన్నింటికీ కలిపి ఏటి వైపు ఒకటే పొడుగు వరండా. ఆ చివర నుంచి పక్క మెట్లు దిగితే కార్లు నిలిపే చోటికి వస్తాం. గాలి కోసం ఝాన్సీ వరండా వైపు తలుపు గడియ పెట్టకుండా వదిలి కిందికి దిగింది. లోపలికి రావడానికి దొంగకు అంతకంటే ఏం కావాలి అనుకుంది సాయిదుర్గ.

గణపతి వరండాలో మృదంగం ముందు పెట్టుకొని, దాన్ని ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"పైకి వెళ్ళేనండి. మృదంగం తెచ్చుకున్నాను. అక్క గదిలోకి మాత్రం పోలేదు," అన్నాడు. "నా సంచీ, మృదంగం అన్నీ మేనేజరుగారు చూసేరు. మళ్ళీ చూసుకోండి. ఆయ్."

పక్క గదిలో ఉన్నది ఎవరో మేనేజరు చెబితే విని సాయిదుర్గ ఆశ్చర్యపోయింది. ఆయన రాఘవులుగారి ఒక్కగానొక్క కొడుకు, మురళీమోహన్. రాజమండ్రిలో రొయ్యల వ్యాపారం. కనకరాజును చూడగానే కుర్చీ చూపించి, తనంత తానే మొదలుపెట్టాడు.

"మీరు అడగబోయేది నాకు తెలుసండి. నాన్నగారి వయొలిన్ పోయిన హోటల్లోనే నేనెందుకున్నానని. నిన్న అల్లవరంలో చెరువులు చూసుకొని, రేపు సఖినేటిపల్లిలో చూడాల్సినవి ఉంటే దారిలో ఆగేను. ఈ హోటలు నేను ఎంచుకున్నది కాదు. ఒక సైట్‌లో ధర పాడేను."

"ధర పాడడమంటే?"

"ఫలానా ప్రాంతంలో ఫలానా స్థాయి గది కావాలి, ఇంత ఇస్తాను అని మనం పాడతామండి. ఏ హోటలో చెప్పరు. మన ధర వాళ్ళకు నచ్చితే డబ్బు కట్టించుకొని అప్పుడు పేరు చూపిస్తారు. సగానికి సగం తగ్గుతుంది. కాకపోతే ఒకసారి కట్టేక వద్దన్నా డబ్బు తిరిగి రాదు. అమలాపురం దాటేక కట్టేను. అప్పుడు గానీ పేరు తెలీలేదు." ఫోను తీసి రసీదు చూపించాడు. "తీరా వచ్చి చూస్తే ఏముంది, శాకాహారం హోటలు! నాకు నీచు లేనిదే ముద్ద దిగదు. ఆ సంగతి గుమ్మంలో బోర్డు చూసేదాకా తెలీదండి. ముందే తెలిస్తే ఇటు తొంగి చూద్దునా?"

"పాపం," అన్నాడు కనకరాజు.

వరండాలోకి వచ్చాక సాయిదుర్గ, "ఈయన కాదు సార్. పేరే తెలియని హోటల్లో ఇంకొకరి కోసం ఎలా కాపు కాస్తారు?" అంది.

"నువ్వు కూడా ఆ సైట్ తెరువు. డబ్బు కట్టకు. కట్టే ముందు ఏం కనపడుతుందో అంతా నాకు చదివి వినిపించు."

ఆమె తెరిచి చదివింది. "రాజోలు ప్రాంతం. మూడు నక్షత్రాల హోటలు. నదీతీరం. లిఫ్టు ఉంది. కారు నిలిపే చోటు ఉంది. పూర్తి శాకాహార భోజనశాల. మీ ధర ఇక్కడ రాయండి. అంతే సార్. పేరు లేదు."

ఆయన తల ఊపి మెట్లు దిగాడు. కింద వాచ్‌మన్ పాక నీడలో టేపు చుట్టిన తెల్లటి థర్మోకోల్ పెట్టె ఒకటి ఉంది. దానికి రెండు బారల దూరంలో జాలరి ఆవిడ ఎవరో ఖాళీ చేపల బుట్ట బోర్లించి పెట్టుకుంది. నాలుగు పిల్లులు ఆ బుట్టను నాకుతూ తిరుగుతున్నాయి.

"ఈ పెట్టె ఎవరిదండి?" అని కనకరాజు మేనేజరును అడిగాడు.

"మురళీమోహన్‌గారిదండి. ఐసులో పెట్టిన శాంపిలు రొయ్యలంట. కారులో ఉంటే కంపు కొడుతుందని బయట పెట్టుకున్నారు. కారు వెతికేటప్పుడు ఆయనే విప్పి చూపిస్తానన్నారు. ఆ మాట వినగానే వద్దు బాబూ అని నేనే దూరంగా జరిగేను," అన్నాడు రమణబాబు, ముక్కు మూసుకున్నంత పని చేస్తూ.

కనకరాజు వంగి, పెట్టె కింద సిమెంటు మీద వేలు రాశాడు. ఆ వేలు కేసి చూసుకొని, "అందరినీ భోజనాల హాల్లోకి రమ్మనండి," అన్నాడు.

భోజనాల వేళ దాటిపోయింది. ఖాళీ హాల్లో ఒక బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఝాన్సీ ఒక చివర, గణపతి ఇంకో చివర. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు.

"దొంగ వయొలిన్ పట్టుకుపోయి కమాను వదిలేశాడు," అని నెమ్మదిగా ప్రారంభించాడు కనకరాజు. "అమ్ముకునేవాడైతే పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. వాయించుకునేవాడికి కమాను కావాలి. మరి ఎందుకు వదిలినట్టు? కమాను వయొలిన్ కంటే పొడుగు. అతను దాచదలుచుకున్న దాంట్లో వయొలిన్ పడుతుంది, కమాను పట్టదు. అలాంటి కొలత గల వస్తువు, ఎవరూ విప్పి చూడనిది ఈ హోటల్లో ఏముంది?"

రమణబాబు కిటికీలోంచి వాచ్‌మన్ పాక కేసి చూశాడు.

"ఏదైనా మామూలు హోటలైతే రొయ్యల పెట్టెను వంటవాడే విప్పేసేవాడు. ఇక్కడ మాత్రం దాన్ని ముట్టుకునేవాడు లేడు. అంటే ఆ ఉపాయం శాకాహారం హోటల్లోనే పారుతుంది. ఉపాయం పన్నినవాడికి తాను ఎక్కడికి వెళుతున్నదీ ముందే తెలియాలి."

"నాకు పేరు తెలీదని చెప్పేనుగా!" అన్నాడు మురళీమోహన్.

"పేరు తెలీదు. నిజమే. కానీ శాకాహారమన్న సంగతి గుమ్మంలో బోర్డు చూసేదాకా తెలీదన్నారు. ఆ సైట్‌లో డబ్బు కట్టే ముందే ఆ ముక్క కనపడుతుంది. రాజోలు ప్రాంతం, ఏటిగట్టు, శాకాహారం అంటే ఇంకేం కావాలండీ? ఇక్కడి వాళ్ళెవరైనా చెబుతారు, అది ఈ హోటలేనని. సభవాళ్ళు కళాకారులకు ఎప్పుడూ ఇక్కడే గదులిస్తారు. మీ నాన్నగారితో మీరూ వచ్చే ఉంటారు. పేరు పెట్టి గది తీసుకుంటే ఎందుకని అడుగుతారు. పేరు దాచిన గది తీసుకుంటే, ఏదో తగిలిందని చెప్పుకోవచ్చు."

"నేను గమనించలేదండి. కారులో వస్తూ హడావిడిగా కట్టేను."

"కావచ్చు. మరి పిల్లులు కూడా గమనించలేదా? ఖాళీ బుట్టను నాకుతున్నాయి గానీ, పక్కనే ఉన్న రొయ్యల పెట్టె కేసి ఒక్కటీ తిరగలేదు. నిన్నటి ఐసు ఇంత ఎండకు కరగలేదు. కింద సిమెంటు పొడిగా ఉంది."

మురళీమోహన్ లేచి నిలబడ్డాడు. తలుపు వైపు వెళతాడేమోనని సాయిదుర్గ అనుకుంది. కానీ ఆయన మళ్ళీ కూర్చొని, "విప్పండి," అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి మనిషి లేడు.

పెట్టె తెచ్చి టేపు కోసింది సాయిదుర్గే. లోపల జరీ అంచు ఉత్తరీయం. దాన్ని మడత మీద మడత విప్పితే వయొలిన్. తీగలు తెగకుండా బిరడాలు వదులు చేసి ఉన్నాయి. తీగలను మోసే వంతెన చెక్క కింద దూది పెట్టి ఉంది. ఇంత జాగ్రత్తగా దొంగతనం చేసినవాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు.

"పన్నెండేళ్ళ దాకా నాకు నేర్పేరు," అన్నాడు మురళీమోహన్, ఎవరినీ చూడకుండా. "ఒకరోజు అపస్వరం పలికితే కమాను లాక్కొని, నీ వల్ల కాదు పో అన్నారు. మళ్ళీ ముట్టుకోనివ్వలేదు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో మంచం పక్కన నేనే ఉన్నాను. ఆ ఉత్తరీయం మిగిలింది నాకు. వయొలిన్ ఈవిడకు వెళ్ళింది. అల్లవరంలో కూలికెళ్ళే వాళ్ళింటి పిల్లకిచ్చేడు మీ నాన్న అని బంధువులు నా మొహం మీదే అన్నారు."

ఝాన్సీ మొహం ఎర్రబడింది. "మా అమ్మమ్మ కూలికి వెళ్ళిన మాట నిజమే అన్నయ్యగారూ. ఆ మాట గురువుగారు నన్ను ఒక్కనాడూ అనలేదు."

"నన్ను పొమ్మన్నారు, నిన్నొక్క మాటా అనలేదు. అందుకే నాకు ఇంకా మండింది," అన్నాడాయన.

రమణబాబు ఫోను తీశాడు. ఝాన్సీ చెయ్యి అడ్డం పెట్టింది.

"పోలీసులు వద్దండి. అన్నయ్యగారూ, సాయంత్రం సభకు రండి. ముందు వరసలో కూర్చోండి. నేను వాయించింది విని, ఇది ఎవరి చేతిలో ఉండాలో మీరే చెప్పండి. మీ దగ్గర ఉండాల్సిందే అని అప్పటికీ అనిపిస్తే, రేపు మీ ఇంటికి నేనే తెచ్చిస్తాను."

ఆయన ఉత్తరీయం తీసుకొని బయటికి వెళ్ళిపోయాడు. ఝాన్సీ వయొలిన్ తీసుకొని, బల్ల ఆ చివరకు నడిచి వెళ్ళింది.

"గణపతీ, నిన్ను అనుమానించేను రా."

"తెలుసక్కా. పొద్దుట్నుంచి నా మొహం చూడలేదు కదా నువ్వు." అతను వయొలిన్ తీగ ఒకటి మీటి చూశాడు. "నేనైనా అంతేనేమో. ముందు శృతి చేసుకో. చాలా దిగిపోయింది."

సభ మొదలయ్యేసరికి ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. కనకరాజు, సాయిదుర్గ వెనక కూర్చున్నారు. ఝాన్సీ ఆలాపన సగంలో ఉండగా ద్వారం దగ్గర మురళీమోహన్ కనిపించాడు. లోపలికి రాలేదు. ద్వారబంధానికి ఆనుకొని, చేతులు కట్టుకొని చివరిదాకా నిలబడి విన్నాడు. జనం లేచాక నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళి, చంకలో ఉన్న ఉత్తరీయం తీసి, వయొలిన్ పెట్టె మీద పెట్టాడు.

"చుట్టడానికి ఉంచుకో," అన్నాడు. "నాన్న దాంట్లోనే చుట్టేవారు."