వానతో సహా

“ఇందులోనా?” అన్నాడు మెకానిక్, నవ్వు ఆపుకోలేక.

కౌంటర్ మీదున్న ల్యాప్‌టాప్‌కి ఎనిమిదేళ్ళుంటాయి. ఒక మూల పగిలింది, ఒక కీ ఊడింది. దాన్ని తెచ్చిన అమ్మాయి అడుగుతున్నదేమో ఈ మధ్యే వచ్చిన లారీ గేమ్. కొండలూ లోయలూ, అద్దం మీద జారే వాన చుక్కలతో సహా అంతా నిజంలా కనిపించే ఆట.

“నవ్వడానికేముందండీ? నడుస్తుందా, నడవదా?”

“ఇందులో పేకాట నడిస్తేనే గొప్ప. కొత్తది కొనుక్కోండి.”

“కొనగలిగితే మీ మొహం చూడ్డానికి వస్తానా? చేతకాదని చెప్పండి, ఇంకో షాపు చూసుకుంటాను.”

చేతకాదన్న ఒక్క మాట మాత్రం మనవాడిని అనకూడదు. ల్యాప్‌టాప్ విసురుగా తన వైపు లాక్కున్నాడు. “రెండు రోజులు పడుతుంది. ఎవరాడతారు?”

“మా అన్నయ్య. లారీ డ్రైవర్.”

“పగలంతా లారీ నడిపి, ఇంటికొచ్చి మళ్ళీ లారీయేనా?”

ఆమె ల్యాబ్ తరఫున ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్ళు తీసుకునే అమ్మాయి. భుజాన ఉన్న సంచీ సర్దుకుంది.

“మంచం మీదున్నాడండీ, పద్నాలుగు నెలల నుంచి. నరాల జబ్బు. కాళ్ళు పోయాయి, ఎడమ చెయ్యి పోయింది. కుడిచేతి వేళ్ళు ఇంకో రెండు నెలలు పనిచేస్తాయేమో అన్నారు డాక్టర్. ఆ తర్వాత ఊపిరి.”

మెకానిక్ తల దించుకుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

ఆటలో నీడలు తీసేశాడు. చెట్లు తీసేశాడు. గడ్డి, మబ్బులు, రోడ్డు పక్కన మనుషులు, ఆఖరికి వాన కూడా తీసేశాడు. ఇన్ని తీసేస్తే లారీ కదిలింది, అదీ కుంటుకుంటూ. లోపలి ఫ్యాను మాత్రం షాపు ఎగిరిపోయేలా మోగింది.

మూడో రోజు తనే వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన మందుల డబ్బా, గోడకి మేకు మీద లారీ తాళంచెవి. అన్నయ్య చెయ్యి తీసి చెల్లెలే కీల మీద పెట్టింది. ఆయన రెండు నిమిషాలు నడిపి ఆగాడు. మాట ముద్దగా వస్తోంది.

“వానేదీ తమ్ముడూ?”

“తీసేశానండీ. వాన పడితే మిషన్ ఆగిపోతుంది.”

“పన్నెండేళ్ళు కొండ రోడ్డు మీద నడిపా. ఎండలో ఎవడైనా నడుపుతాడు.” ఊపిరి కోసం కాసేపు ఆగాడు. “పర్లేదులే. ఉన్నదాంతోనే పోతా.”

ఆ ‘పర్లేదులే’ మెకానిక్‌ని ఆ రోజంతా వదల్లేదు. చేతకాదని ఒప్పుకుని ఊరుకుంటే పోయేది. అలా ఊరుకునే రకమైతే ఈ కథే లేదు.

షాపులో ఒక వీడియో ఎడిటర్ రిపేరుకిచ్చిన పెద్ద కంప్యూటర్ ఉంది. దానికి కావలసిన పార్టు వచ్చేసింది, బిగించడం కూడా అయిపోయింది. మనవాడు షాపు ఓనర్‌కి కూడా తెలియకుండా పార్టు ఖాళీ డబ్బాని సొరుగులో దాచి, “ఇంకా రాలేదు సార్,” అని ఎడిటర్‌కి ఫోన్‌లో చెప్పేశాడు. ఆటని ఆ కంప్యూటర్‌లో ఎక్కించాడు. ఇప్పుడు ఆట నడిచేది షాపులో. దాని బొమ్మ మాత్రం నెట్ మీద వాళ్ళింటి ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది, ఆయన నొక్కిన కీ ఇటు వస్తుంది.

“ఏం చేశారు?” ఆ సాయంత్రం ఫోన్‌లో ఆమె గొంతు గంతులేస్తోంది. “చెట్లొచ్చాయి, వానొచ్చింది! అన్నయ్య కళ్ళు చూడాలి మీరు!”

“సెట్టింగ్స్ మార్చానంతే.”

“అయితే మీకు నిజంగానే పనొచ్చన్నమాట.”

నిజం చెప్పడానికి అదే సమయం. ఆమె నవ్వు చెవిలో పడింది, అతను చెప్పలేదు.

ఆటలో రేవు నుంచి కొండ మీది ఊరికి పద్నాలుగు మజిలీలు. వేళ్ళు మాట వినడం మానేలోపు ఆ ఊరు చేరాలని డ్రైవర్ పట్టుదల. రోజుకొక మజిలీ. మధ్యాహ్నం మూడింటికి చెల్లెలు ల్యాప్‌టాప్ పెట్టి, అమ్మని పక్కన కూర్చోబెట్టి, శాంపిళ్ళకి బయలుదేరుతుంది. దారిలో, దారి కాకపోయినా, షాపు దగ్గర పది నిమిషాలు ఆగుతుంది. ఆమె రాగానే మెకానిక్ గబుక్కున ఒక స్క్రీన్ గోడ వైపు తిప్పేస్తాడు.

“ఎవరి ఫొటో అది?”

“ఎవరిదీ కాదు.”

“ఎవరిదీ కాకపోతే అంత చెమటలెందుకండీ? అందంగా ఉంటుందా?”

“లారీలా ఉంటుంది.”

“పాపం, ఆడపిల్లని పట్టుకుని అలా అనొచ్చా!” అని ఆమె నవ్వింది. కానీ ఆ రోజు టీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ సగం గ్లాసు చూసి మనవాడికి సంతోషమూ, సిగ్గూ, భయమూ ఒక్కసారే కలిగాయి.

ఆమె వెళ్ళాక స్క్రీన్ ఇటు తిప్పుకుని చూస్తూ కూర్చునేవాడు. మొదట్లో లారీ మలుపులు నిబ్బరంగా తిరిగేది. పదో రోజుకి గోడలకి రాసుకోసాగింది. పన్నెండో రోజున ఒక్క వేలే పనిచేస్తోందని, ఎవరూ చెప్పకపోయినా, లారీని చూస్తే తెలిసిపోయింది.

“రేపు చివరి మజిలీ,” అందామె పదమూడో రోజున. “మిమ్మల్ని పక్కనే ఉండి చూడమన్నాడు. వస్తారుగా?”

షాపు వదిలి వెళ్ళకూడదని తెలుసు. అయినా వెళ్ళాడు.

వాన కురుస్తోంది, ఆటలోనూ, కిటికీ బయటా. ఒంటి వేలితో డ్రైవర్ లారీని కొండ మీదికి లాగుతున్నాడు. చెల్లెలు తెలియకుండానే మెకానిక్ చొక్కా చెయ్యి పట్టుకుంది. ఇంకో మూడు మైళ్ళుందనగా తెర నల్లబడింది. మీద ఒక్క వరుస అక్షరాలు.

ఆమె పైకి చదివింది. “కనెక్షన్ పోయింది... ఏం కనెక్షన్? ఆట ఇందులోనే ఉంది కదా?”

అక్కడ షాపులో ఓనర్ సొరుగులో ఖాళీ డబ్బా చూసి, వీడియో ఎడిటర్‌ని పిలిచి, ఆయన కంప్యూటర్ ఆయనకి అప్పజెప్పేశాడు. అది ఊహించడానికి మనవాడికి ఎంతోసేపు పట్టలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“అంటే ఇన్నాళ్ళూ అబద్ధమేనా? మంచంలో ఉన్న మనిషితో నాటకాలా?”

“చెల్లీ, పోనీ...” అన్నాడు అన్నయ్య. ఆ మాట ఆమె వినిపించుకోలేదు.

“లేవండి. మళ్ళీ మా గుమ్మం తొక్కొద్దు.”

ఆ షాపులో ఒక పద్ధతుంది. బయటికి పోయే ప్రతి మిషన్‌లో ఉన్నదంతా ఒక డిస్కులో కాపీ చేసి నెల రోజులుంచుతారు. మర్నాడు మెకానిక్ ఆ డిస్కు పట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తాడు. “మూడు మైళ్ళే మిగిలిందండీ. ఆగిన చోటు ఆటే దాచుకుంది. వాన లేకుండా అయితే మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. ఒక్కసారి లోపలికి రానివ్వండి.”

ఆమె మొహం మీదే తలుపేసింది.

నాలుగు రోజులకి ఆ ఆఖరి వేలు కూడా కదలడం మానేసింది. ఇంకో రెండు వారాలకి ఊపిరి ఆగిపోయింది. మెకానిక్ అందరికన్నా వెనక నిలబడి చూసి వచ్చాడు. ఆమె తల తిప్పి చూడలేదు.

నెల తిరిగింది. “ఆ డిస్కు తుడిచెయ్,” అన్నాడు ఓనర్. తుడిచే ముందు మెకానిక్ మొదటిసారి ఆట దాచుకున్న ఫైళ్ళ జాబితా తెరిచాడు. పద్నాలుగు రోజులూ తెర మీద లారీనే చూశాడు కానీ ఈ జాబితా జోలికి పోలేదు. ప్రతి మజిలీకీ డ్రైవర్ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేరొకటి పెట్టాడు. చదువుతుంటే మెకానిక్ కళ్ళు మసకబారాయి.

ఆ మధ్యాహ్నమే ఆమె షాపు మెట్లెక్కింది. చిక్కిపోయింది. ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి, అతని వైపు చూడకుండా, “ఇందులో ఉన్నవన్నీ తీసెయ్యండి. ఆ ఆట నేను చూడలేను,” అంది.

మెకానిక్ జాబితాని ఆమె వైపు తిప్పాడు.

‘వానొచ్చింది. సంతోషం తమ్ముడూ.’

‘ఫ్యాను మోగట్లేదు. ఎనిమిదేళ్ళు నా ఒళ్ళో మోగిన మిషన్, నాకు తెలీదా? ఇది ఇందులో నడవట్లేదు.’

‘చెల్లికి చెప్పకు. నమ్మనీ.’

‘ఎక్కణ్ణుంచో నువ్వు చూస్తున్నావు. పక్క సీట్లో మనిషున్నట్టుంది.’

‘రోజూ నిన్నే తిడుతోంది. అంటే నచ్చావన్నమాట.’

చివరిది, చివరి మజిలీకి బయలుదేరే ముందు పెట్టింది: ‘వేలు ఆగిపోతే మిగతాది మీరిద్దరూ నడపండి బావా.’

ఆమె ఆ వరుస మీద వేలు పెట్టి మళ్ళీ ఒకసారి చదువుకుంది. తర్వాత కౌంటర్ మీద తల వాల్చి భోరుమంది.

“తలుపేసింది నేనే,” అంది ఏడుపు మధ్య. “మూడు మైళ్ళు. నేను తలుపు తీసుంటే చేరేవాడు.”

“నేను మొదటి రోజే నిజం చెప్పుంటే అసలు ఆగేదే కాదు.”

ఎవరి తప్పెంతో తేలే లెక్క కాదది. ఇద్దరూ తేల్చడానికి చూడలేదు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని పాత ల్యాప్‌టాప్ తెరిచింది. “ఎక్కించండి. ఇందులోనే. వాన కూడా పెట్టండి.”

“వాన పెడితే నడవదండీ.”

“నడిచినంతే నడుస్తుంది. వాన లేకుండా మా అన్నయ్య రోడ్డెక్కడు.”

ఫ్యాను మోతకి ఓనర్ లోపల్నుంచి తొంగిచూసి, ఏమనుకున్నాడో, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. లారీ ఒక అడుగు వేసి ఆగుతోంది, ఇంకో అడుగు వేసి ఆగుతోంది. వాన చుక్కలు గాలిలో నిలబడిపోతున్నాయి. గేరూ బ్రేకూ అతనివి, స్టీరింగ్ కీలు ఆమెవి. మిషన్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మూడు మైళ్ళకి గంటన్నర పట్టింది.

కొండ మీది ఊళ్ళో లారీ ఆగింది. పేరు పెట్టమని ఆట అడిగింది. ఆమె కీల మీద చేతులుంచి అతని వైపు చూసింది.

“బావా అన్నాడు. మీరేమంటారు?”

“ఆయన లేడుగా, నా తరఫున ఎవరు మాట్లాడతారు?” అన్నాడతను. “నేనే అడుగుతున్నాను. నాకు మీరు కావాలి.”

“ఇంకో అబద్ధం ఆడితే ఊరుకోను.”

“ఆడను.”

ఆమె తల వంచుకుని, ఒక్కొక్క అక్షరమే, ఒంటి వేలితో కొట్టింది: ‘చేరాం అన్నయ్యా. ఇద్దరం.’