కంగ్టి తొవ్వలో ఎర్ర కారు

నారాయణఖేడ్ దాటి కంగ్టి పోయే తొవ్వలో ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి మంచి పేరు లేదు. ముప్పై ఏళ్ల కింద జగదీశ్వర్ అనే ఆసామి తన ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోనే, స్టీరింగు మీద తల వాల్చి, అక్కడ ప్రాణం వదిలాడట. దీపాలు పెట్టే వేళకు లోపల ఎవరో దగ్గుతారని చెప్పుకుంటారు.

ఆ కారును మళ్లీ నడిపించమని ఆయన కొడుకు మెకానిక్ శివరాజ్‌కు అప్పగించాడు. శివరాజ్ నియమం గల మనిషి. పెట్రోలు పని ఉన్న రోజు బీడీ ముట్టడు. ఫోన్ దుకాణంలోనే వదిలేసి ఆటోలో వస్తాడు.

"గా కారు జోలికి ఎందుకు పోతున్నవ్ బిడ్డా? లోపల దగ్గు ఇనొస్తది," అంది షెడ్డుకు కాపలా ఉండే ఇంద్రమ్మ, తాళం తీస్తూ.

"ముప్పై ఏండ్ల పెట్రోలు గదా అవ్వా... గా కంపుకు దయ్యమైనా దగ్గుతది."

ఆమె తాళంచెవి కొంగున ముడేసుకొని ఇంటికి పోయింది.

ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు బెల్లం పాకంలా చిక్కబడింది. రబ్బరు పైపులు పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. కార్బురేటరు విప్పి పళ్లెంలో పెట్టాడు. ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి కడిగి, కారు కింద వెల్లకిలా పడుకొని, మురికినంతా టబ్బులోకి వదిలాడు. పొద్దు గూకింది.

అప్పుడు...

"శివరాజూ..."

గొంతు ఇంద్రమ్మదే. కానీ ఆ చోట, ఆ వేళ? మూడోసారి పిలిచేదాకా పలకొద్దని చిన్నప్పుడు నేర్పారు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట.

"శివరాజూ... ఉన్నవా?"

ఊపిరి బిగబట్టాడు. చేతులకున్న నియమం గుండెకు లేకపోయింది. మనిషి పిలిస్తే పలకాలి. అయినా అతను మూడో పిలుపు కోసం కాచుకున్నాడు.

అది రాలేదు. షట్టరు ధడాలున దిగింది. తాళం పడింది.

"అవ్వా! నేనున్న!"

గాబరాగా పాకితే కాలు టబ్బుకు తగిలింది. పెట్రోలు నేలంతా పారింది.

చీకటి. కళ్లు మండాయి. లైటు వేద్దామంటే పాత స్విచ్చు — ఒక్క రవ్వ చాలు. పానాతో షట్టరు కొడదామన్నా రవ్వే. పిడికిళ్లతో గుద్దాడు. అరవబోతే ఆవిరి గొంతులోకి పోయి... దగ్గు. ఆగని దగ్గు.

బయట చెప్పుల చప్పుడు ఆగింది.

"శివ శివా..."

ఆ వెంటనే పరుగు.

అప్పుడు అర్థమైంది — ఇవాళ దయ్యం తనే. షట్టరు కింది సందుకు ముక్కు ఆనించి పడుకున్నాడు. ఇంటి దగ్గర భార్య రోజ అన్నం వండి ఎదురుచూస్తుంటుంది... కళ్లు మూతపడ్డాయి.

ఎంతసేపో తెలియదు. తాళం గలగలమంది. షట్టరు లేచింది. టార్చి వెలుగు.

"నీ పాడుగాను! పిలిస్తే పలుకవేందిరా?" ఇంద్రమ్మ రెక్క పట్టి బయటకు ఈడ్చింది.

గుండెల నిండా గాలి పీల్చుకున్నాక మెల్లగా అడిగాడు.

"భయపడి ఉరికితివి గదా... మళ్ల ఎట్ల వచ్చినవ్ అవ్వా?"

"నువ్వు హారన్ కొట్టినవ్ గదా, గప్పుడే ఆగిన. దయ్యం దగ్గుతది గని హారన్ కొడ్తదా? మనిషే ఉన్నడనుకొని వచ్చిన."

శివరాజ్ వెనక్కి తిరిగాడు. టార్చి వెలుగులో తెరిచిన బానెట్... లోపల బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. పొద్దున్నుంచీ అది బస్టాండు దగ్గరి కొట్టులో చార్జింగుకు ఉంది.